వార్తల్లో ‘గారు’: గౌరవం ఎక్కడికి వెళ్లింది?

ఇవాళ్టి తెలుగు దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేసినా వార్తల్లో ‘గారు’ కనిపించదు. ముఖ్యమంత్రికీ లేదు, పీఠాధిపతికీ లేదు, పద్మ పురస్కారం అందుకున్న విద్వాంసుడికీ లేదు. అదే పత్రికలో ప్రకటనల వైపు చూస్తే కావలసినన్ని ‘గారు’లు. వర్ధంతి ప్రకటనలో, పుట్టినరోజు శుభాకాంక్షల్లో, కొత్త షోరూం ప్రారంభోత్సవానికి విచ్చేస్తున్న అతిథుల పేర్ల పక్కన ఆ మాట తప్పకుండా ఉంటుంది. అంటే ఇప్పుడు పత్రికలో ‘గారు’ కావాలంటే డబ్బు కట్టి వేయించుకోవాలి. నూరేళ్ల కిందట పత్రికే ఆ మాటను పంచిపెట్టేది. ఎవరికివ్వాలో, ఎవరికి అక్కర్లేదో వార్త రాసేవాడికి బాగా తెలుసు. ఆ పంపకం ఎలా సాగింది, ఎందుకు ఆగింది, ఆగాక దాని స్థానంలోకి ఏమొచ్చింది అన్నవి భాషకు సంబంధించిన ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, నిజానికి మనం ఎవరిని మనిషిగా లెక్కపెట్టాం అన్నదే వాటి సారాంశం.

తెలుగులో పత్రికా రచన పందొమ్మిదో శతాబ్దంలో నిలదొక్కుకుంది. 1838లో మద్రాసు నుంచి వచ్చిన వృత్తాంతిని, 1871లో కొక్కొండ వెంకటరత్నం పంతులు మొదలుపెట్టిన ఆంధ్రభాషాసంజీవని, 1872లో మచిలీపట్నంలో పుట్టిన పురుషార్థప్రదాయిని, 1874లో కందుకూరి వీరేశలింగం తెచ్చిన వివేకవర్ధని ఆ తొలి తరానివి. అప్పటి వార్త ఉత్తరం నుంచి పుట్టింది. ఊళ్లో చదువుకున్నవారొకరు సంపాదకుడికి జాబు రాస్తే అదే వార్త అయ్యేది. కాబట్టి ఉత్తరంలో ఉండే మర్యాదలన్నీ వార్తలోకీ వచ్చాయి. పేరుకు ముందు ‘మ.రా.రా.శ్రీ’, అంటే మహారాజరాజశ్రీ. వైదికుడైతే ‘బ్ర.శ్రీ’, అంటే బ్రహ్మశ్రీ. పేరు చివర కులాన్ని చెప్పే పంతులు, శాస్త్రి, నాయుడు, సెట్టి వంటి మాట. దాని మీద ‘గారు’. ఇంకా పెద్దవాడైతే గారు చాలదు, ‘వారు’ కావాలి: ఆచార్యులవారు, దొరవారు, మహారాజావారు. సర్కారు బిరుదుంటే అది అన్నిటికంటే ముందు కూర్చుంటుంది. వీరేశలింగానికి 1893లో రావుబహద్దూరు వచ్చాక ఆయన పూర్తి పేరు ‘రావుబహద్దూరు కందుకూరి వీరేశలింగం పంతులుగారు’. ఒక్క మనిషి పేరు పత్రికలో ఒక వరుస తినేసేది.

ఆడవాళ్ల పేర్ల ముందు పెట్టే పొడి అక్షరాలు ఇంతకంటే ఎక్కువ చెబుతాయి. భర్త ఉన్నామెకు ‘ల.సౌ.’, లక్ష్మీసౌభాగ్యవతి. భర్త పోయినామెకు ‘గం.భా.స.’, గంగాభాగీరథీ సమానురాలు. గంగతో పోల్చడం పైకి గౌరవమే. చేసే పని మాత్రం ఆమె వితంతువని చదివేవాళ్లందరికీ చాటడం. దస్తావేజుల్లో, శుభలేఖల్లో, చందాదారుల జాబితాల్లో, విరాళాల పట్టికల్లో ఈ గుర్తులు నడిచాయి. మగవాడి పేరు ముందున్న అక్షరాలు అతని హోదా చెబితే, ఆడమనిషి పేరు ముందున్నవి ఆమె మొగుడు బతికున్నాడా లేదా అన్నది చెప్పేవి. 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం ఎదిరించిన ఆచారం వెనక ఇలాంటి చిన్న చిన్న గుర్తులు ఎన్ని కాపలా కాశాయో పాత కాగితాలు చూస్తే తెలుస్తుంది.

పాత సంచికల్లో సభావార్త ఒకటి తీసుకుని నెమ్మదిగా చదివితే ఆ పత్రికా ప్రపంచమంతా అందులో దొరుకుతుంది. మొదట అగ్రాసనాధిపతి, అంటే సభాధ్యక్షుడు. ఆయనకు బిరుదు, కులనామం, గారు మూడూ ఉంటాయి. తరవాత ఉపన్యాసకులు. ఒక్కొక్కరికీ విడిగా గారు పెట్టే చోటు లేకపోతే పేర్లన్నీ వరసగా రాసి చివర ‘గార్లు’ అని ఒక్కటే తగిలించేవారు. ఆ బహువచనం ఇప్పుడు ఆహ్వానపత్రికల్లో తప్ప పెద్దగా వినబడదు. ‘గార్లు’ దాటాక ‘మొదలగువారు’. ఆ తరవాత ‘పురప్రముఖులు’. అన్నిటికన్నా చివర ‘జనులు’. సభకు పందిరి వేసినవాడు, దీపాలు పట్టుకున్నవాడు ఆ ‘జనుల’లో కూడా లేడు. పేరు, గారు, గార్లు, మొదలగువారు, జనులు అన్న ఈ వరస ఊరి వీధుల్లో ఇళ్లున్న వరసకు పెద్దగా తేడాగా ఉండదు.

చావు వార్తల్లో ఈ వరస ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్రాంథికంలో చనిపోవడానికి బోలెడన్ని క్రియలు. పెద్దలు పరమపదించారు, దివంగతులయ్యారు, కీర్తిశేషులయ్యారు, కాలధర్మం చెందారు. మఠాధిపతులు సిద్ధిపొందారు. మధ్యతరగతివాళ్లు మృతినొందారు. మామూలు మనిషి మరణించెను. కలరాలోనో కరువులోనో పోయినవాళ్లకు పేరే లేదు, సంఖ్య ఉంది. 1876–78 నాటి ధాత కరువు లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో ఒక్కడికీ ఏ పత్రికలోనూ గారు పడి ఉండదని చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

‘గారు’కు ఎదురుగా నిలిచే ప్రత్యయం ‘గాడు’. ఒక్క అక్షరం తేడా. కరణం లెక్కల్లో, కోర్టు కాగితాల్లో, పోలీసు రికార్డులో పాలేరు, మాదిగ, యానాది, చాకలి పేర్ల చివర గాడు ఉండేది. ఆడదైతే పేరును కురచ చేసి పోలి, ఎల్లి అనేవారు. విలేకరి ఆ కాగితాలు చూసి వార్త రాసేవాడు గనక ఆ తోక అచ్చులోకీ వచ్చేది. దొంగతనం జరిగిన ఇంటి యజమానికి గారు, దొంగతనం అంటగట్టిన మనిషికి గాడు. ఇదంతా తెలిసి చేసిన క్రూరత్వమని నేను అనను. ఊళ్లో నోళ్లలో ఎలా నలిగిందో అలాగే అచ్చుకెక్కింది. కానీ అచ్చులో పడితే ఆ పిలుపుకు రాజముద్ర దొరికినట్టే. నోటిమాట ఆ పూటతో పోతుంది. పత్రిక బైండు కట్టించుకుని లైబ్రరీలో నిలుస్తుంది. వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల ఆ బైండ్లు నేటికీ ఉన్నాయి.

మార్పు మొదట రాజకీయం నుంచి వచ్చింది. 1920లో కాంగ్రెస్ సహాయ నిరాకరణ తీర్మానం చేసి, సర్కారు ఇచ్చిన బిరుదులు వదులుకోమంది. రావుబహద్దూరు, దివాన్ బహద్దూరు అన్న మాటలకు ఉన్న మెరుపు తగ్గింది. జాతీయవాద పత్రికలు ఆ ఖాళీని ప్రజలిచ్చిన బిరుదులతో నింపాయి. కృష్ణాపత్రిక స్థాపనలో ముఖ్యుడైన కొండా వెంకటప్పయ్య ‘దేశభక్త’. చీరాల–పేరాల ఉద్యమం నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ‘ఆంధ్రరత్న’. ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు ‘దేశోద్ధారక’. టంగుటూరి ప్రకాశం ‘ఆంధ్రకేసరి’. ఈ బిరుదులు పేర్లకు ఎంతగా అతుక్కున్నాయంటే, ఇప్పటికీ వాటిని విడదీసి పలకడం కష్టం. గాంధీ విషయంలో రెండు దారులు ఏర్పడ్డాయి. ‘గాంధీగారు’ అంటే తోటి పెద్దమనిషి. ‘మహాత్ముడు’ అంటే దేవుడి పక్కన కూర్చున్నవాడు. దేవుడికి మనం ఏకవచనమే వాడతాం గనక మహాత్ముడికీ అదే వాడారు.

ఈ దశలో నన్ను బాగా కదిలించేది దువ్వూరి సుబ్బమ్మ ఉదాహరణ. ద్రాక్షారామంలో పుట్టి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. పాత ఆచారం ప్రకారమైతే ఆమె పేరు ముందు రావాల్సినవి ‘గం.భా.స.’ అనే మూడు అక్షరాలు. ఆమె ఖద్దరు కట్టి, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి, 1922లో జైలుకెళ్లింది. ఆ తరవాత ఆమె పేరు ముందు నిలిచిన మాట ‘దేశబాంధవి’. భర్తతో నిమిత్తం లేని మాట ఒక తెలుగు వితంతువు పేరు ముందుకు రావడం చిన్న సంగతి కాదు.

అదే కాలంలో గారు దక్కనివాళ్లు దాన్ని మరో తోవలో సాధించుకున్నారు. 1917లో బెజవాడలో పంచమ మహాసభగా పిలిచిన సమావేశం ఆదిఆంధ్ర మహాసభగా పేరు మార్చుకుంది. దానికి అధ్యక్షత వహించినవాడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. మాదరి భాగయ్య అన్న పేరుతో పుట్టిన మనిషి ఆయన. ‘రెడ్డి’, ‘వర్మ’ అన్నవి తరవాత వచ్చి చేరాయి. పై కులాల పేర్లను అనుకరించడమని దీన్ని తీసిపారేసినవాళ్లు ఉన్నారు. నాకలా అనిపించదు. పేరు చివర ‘వర్మ’ ఉన్న మనిషి పక్కన విలేకరి కలం ‘గాడు’ రాయలేదు. ‘పంచములు’ అన్న మాట తీసి ‘ఆదిఆంధ్రులు’ పెట్టించడం కూడా అలాంటిదే. పత్రిక ఏ మాట వాడాలో ఎవరిని గురించి రాస్తున్నారో వాళ్లే చెప్పడం మన దగ్గర అప్పుడు మొదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక కొంతకాలం ‘శ్రీ’ రాజ్యమేలింది. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప రాజ్యం ఏ బిరుదూ ఇవ్వరాదు. అందరికీ ఒకటే ‘శ్రీ’, ‘శ్రీమతి’, పెళ్లికానివారికి ‘కుమారి’. పత్రికల్లో ‘శ్రీ నెహ్రూ’, ‘శ్రీ సంజీవరెడ్డి’ అన్న వాడుక చాలా ఏళ్లు సాగింది. అంతకన్నా చెప్పుకోవలసింది ఈ అధ్యాయంలో పెద్దగా లేదు. అసలు మలుపు వ్యాకరణంలో వచ్చింది, దాన్ని చాలామంది గమనించలేదు.

గ్రాంథికంలో ‘రాముడు వచ్చెను’, ‘సీత వచ్చెను’, ‘ఆవు వచ్చెను’, ‘బండి వచ్చెను’. నాలుగింటికీ క్రియ ఒకటే. మగా ఆడా తేడా లేదు, మనిషీ వస్తువూ తేడా లేదు. బహువచనంలో ‘వచ్చిరి’ అన్నప్పుడే మనుషులని తెలుస్తుంది. అందుకే పాత వార్తలో గౌరవమంతా పేరు మీద, బిరుదు మీద, గారు మీద మోయవలసి వచ్చింది. ఏకవచన క్రియ చాలావరకు మౌనంగా ఉండేది. వాడుకభాష అలా ఊరుకోదు. వచ్చాడు, వచ్చింది, వచ్చారు. నోరు తెరిస్తే ఈ మూడిట్లో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆడమనిషి సంగతి మరీ విచిత్రం. ఏకవచనంలో ఆమెకూ గేదెకూ బస్సుకూ ఒకే క్రియ: వచ్చింది. ‘రు’ చేరితేనే ఆమె వ్యాకరణరీత్యా మనుషుల గుంపులోకి వస్తుంది.

గిడుగు రామమూర్తి 1940 జనవరిలో, కన్నుమూయడానికి కొద్దిరోజుల ముందు, మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులను ఉద్దేశించి వాడుకభాషలో రాయమని చివరి విన్నపం చేశాడు. అప్పటికే తాపీ ధర్మారావు జనవాణిలో ఆ పని చేసి చూపించాడు. 1942లో ఆంధ్రప్రభ సంపాదకుడైన నార్ల వెంకటేశ్వరరావు, తరవాత 1960లో విజయవాడలో ఆంధ్రజ్యోతి తొలి సంపాదకుడిగా, సూటిగా చిన్న వాక్యాలు రాయడం ఒక తరానికి నేర్పాడు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు ఆ వాడుకభాషను ఊరూరికీ చేర్చింది. ఇదంతా గొప్ప మేలు. సంస్కృతం రానివాడికి పత్రిక అందింది. అయితే వాడుకభాష వెంట దాని డు, ది, రు కూడా వార్తలోకి నడిచి వచ్చాయి. ఆ మూడింటినీ ఎవరెవరికి వాడాలో గిడుగు ఉద్యమం ఆలోచించినట్టు లేదు. గ్రాంథికమా వ్యావహారికమా అన్న పోట్లాటలో మనుషుల మధ్య పంపకం ప్రశ్న మరుగున పడింది.

సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే ‘గారు’, ‘శ్రీ’ వార్తల నుంచి తప్పుకున్నాయి. కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. కాలమ్ వెడల్పు తక్కువ, శీర్షికలో అక్షరాలకు కరువు. ఏజెన్సీ వార్త ఇంగ్లిష్‌లో టెలిప్రింటర్ మీద వచ్చేది, దాన్ని రాత్రి డెస్కులో గబగబా తెలుగు చేయాలి. ప్రజాస్వామ్యంలో మంత్రికైనా పేరు చాలుననే నమ్మకం కూడా అందులో ఉంది, అది మంచి నమ్మకమే. కానీ ఇంగ్లిష్ వార్తలో ‘అన్నాడు’, ‘అన్నారు’ అన్న తేడా ఉండదు. ఆ తేడాను పూరించేవాడు అనువాదం చేసే సబ్ ఎడిటర్. రాత్రి పదకొండు గంటలకు, గడువు నెత్తి మీద ఉండగా, అతను ప్రతి వాక్యం చివరా ఒక మనిషి హోదా నిర్ణయిస్తున్నాడు. ఎవరూ అతన్ని అలా నిర్ణయించమనలేదు, భాష అడుగుతోంది గనక నిర్ణయించాడు. ఆ నిర్ణయాలే పేరుకుని పేరుకుని సంప్రదాయమయ్యాయి.

ఆ సంప్రదాయం ఇప్పుడు ఎలా ఉందో పత్రిక చదివే ప్రతివాళ్లకూ తెలుసు, చెవికి అలవాటై వినబడటం మానేసింది. ఎమ్మెల్యే అన్నారు. కలెక్టర్ ఆదేశించారు. రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. వివాహిత ఉరేసుకుంది. ఎస్సై చెప్పారు. తాపీమేస్త్రీ కింద పడి చనిపోయాడు. ప్రమాదంలో మాజీ సర్పంచి గాయపడితే గాయపడ్డారు, ఆయన కారు నడిపే మనిషి గాయపడితే గాయపడ్డాడు. ఒకే కారు, ఒకే గుంత, ఒకే వార్త. ‘కన్నుమూత’, ‘ఇక లేరు’ ప్రముఖులకు, ‘మృతి’, ‘దుర్మరణం’ మిగతావాళ్లకు, ‘హతం’ ఎన్‌కౌంటర్లో పోయినవాళ్లకు. పరమపదించిరి, మరణించెను అన్న పాత మెట్లు పేర్లు మార్చుకుని అక్కడే ఉన్నాయి.

ఏకవచనమంతా అవమానమేనని అనడం లేదు. ఆటగాడు సెంచరీ కొట్టాడంటే, బ్యాడ్మింటన్‌లో అమ్మాయి పతకం గెలిచిందంటే అందులో మనవాళ్లన్న చనువు ఉంది. దేవుళ్లకు చెప్పనే అక్కర్లేదు, రాముడు వచ్చాడనే అంటాం. ఇంట్లో మాట కూడా పత్రిక భాషలా ఉండదు. తెలంగాణలో ‘మా నాయన వచ్చిండు’ అంటే తండ్రి మీద గౌరవం తగ్గినట్టు కాదు, కోస్తాలో ‘మా నాన్న వచ్చాడు’ అన్నా అంతే. ప్రతి పేరుకూ గారు తగిలించి ‘రు’తో ముగించే అలవాటు ప్రధానంగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్న కుటుంబాల మర్యాద. పత్రికలు ఆ మర్యాదను ప్రమాణంగా తీసుకున్నాయి. దాన్ని తీసుకున్నాక కూడా అందరికీ వర్తింపజేయకపోవడం దగ్గరే చిక్కంతా ఉంది. చనువుతో వాడే ఏకవచనానికి, చులకనతో వాడే ఏకవచనానికి తేడా ఎవరికైనా తెలుస్తుంది. శాసనసభలో ఒక సభ్యుడు మరొకరిని ‘ఏకవచనంతో సంబోధించారు’ అన్నది పెద్ద వార్త అవుతుంది, క్షమాపణ చెప్పాలని పట్టుబడతారు. అదే పత్రికలో అదే రోజు జిల్లా పేజీ నిండా ఏకవచనంలో ఉన్నవాళ్లు ఎవరిని క్షమాపణ అడగాలి?

నేరం చేసినవాడికి కూడా ‘రు’ పెట్టాలా అని అడుగుతారు. దీనికి జవాబు పత్రికల్లోనే ఉంది. కోట్ల కుంభకోణంలో మాజీ మంత్రి అరెస్టయితే ‘అరెస్టయ్యారు’ అనే రాస్తున్నాం. సెల్‌ఫోన్ దొంగిలించాడని పట్టుకున్న కుర్రాడు ‘అరెస్టయ్యాడు’. ఇద్దరూ నిందితులే, ఇద్దరి మీదా నేరం రుజువు కాలేదు. కాబట్టి ఈ తేడా నేరాన్ని బట్టి వచ్చింది కాదు, హోదాను బట్టి వచ్చింది. పైగా రుజువు కాని దశలో ‘ఎత్తుకెళ్లాడు’ అని రాయడం కోర్టు చెప్పాల్సిన మాటను క్రియతో చెప్పేయడం. ఆ కుర్రాడు ఏడాదికో రెండేళ్లకో నిర్దోషిగా విడుదలైతే, ఆ వార్త వచ్చినా రాకపోయినా, పాత క్రియను వెనక్కి తీసుకునే దారి లేదు.

‘రు’ వల్ల ఒకరా పలువురా తెలియదన్న అభ్యంతరం కొంత నిజం. ‘నిందితులు పారిపోయారు’, ‘నిందితుడు పారిపోయారు’ అన్నప్పుడు క్రియ ఏమీ చెప్పదు. కానీ కర్త చెబుతుంది. మంత్రుల విషయంలో ఇన్నేళ్లుగా ఇదే గందరగోళంతో హాయిగా నెట్టుకొచ్చాం, పాఠకుడు ఎన్నడూ తికమకపడలేదు. చోటు చాలదన్న పాత సాకు కూడా ఇక్కడ పనిచేయదు. ‘గారు’కు రెండు అక్షరాలు అదనంగా కావాలి. ‘డు’ బదులు ‘రు’ రాయడానికి అదనంగా ఏమీ అక్కర్లేదు.

నన్నడిగితే వయసొచ్చిన ప్రతి మనిషికీ వార్తలో ‘రు’ రాయాలి. రైతుకు, రైతుకూలీకి, కోర్టు బోనులో నిలబడ్డవాళ్లకు, అత్యాచార బాధితురాలికి, ఉపాధి హామీ పనిలో వడదెబ్బ తగిలినామెకు. చిన్నపిల్లలకు, ఆటగాళ్లకు, పురాణ పురుషులకు చనువు వదులుకోనక్కర్లేదు. పేరు పక్కన ‘గారు’ తిరిగి తెమ్మని నేను అనడం లేదు. అది ప్రకటనల్లో ఉన్నా నష్టం లేదు. ప్రతి పత్రికకూ ఒక శైలి పుస్తకమో, కనీసం డెస్కు గోడకు అంటించిన కాగితమో ఉంటుంది. ఊళ్ల పేర్లు ఎలా రాయాలో, ఇంగ్లిష్ మాటలకు ఏది సమానమో అందులో ఉంటుంది. ఈ ఒక్క నియమం కూడా అందులో చేర్చి, ముందుగా జిల్లా పేజీల్లో అమలు చేస్తే ఆరు నెలల్లో చెవికి అలవాటవుతుంది. ‘వచ్చెను’ పోయి ‘వచ్చారు’ వచ్చినప్పుడు కూడా పాఠకులు మొదట ఎబ్బెట్టుగా ఉందనే అన్నారు.